పది డిగ్రీలకు రెండింతలు

నవంబర్ 3, సోమవారం

పోయినేడాది టీచింగ్ డైరీలో సగం పేజీలు ఖాళీగా మిగిలాయి. ఏ సెక్షన్, ఏ పాఠం, ప్రిన్సిపాల్ సంతకం అని గళ్ళు కొట్టి ఉన్న పేజీలు. వాటిలో రాసుకుంటున్నాను. ఇవి ఎవరి సంతకానికీ పోవు.

అలీమాకు ప్రమాదం జరిగిందని ఈ రోజు స్టాఫ్ రూములో తెలిసింది. చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కనున్న మందుల కంపెనీలో షిఫ్టు కెమిస్టుగా చేస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం రియాక్టర్ మూత కింద గ్యాస్కెట్ చీలిపోయి, మరుగుతున్న ద్రావకం ముఖం మీదికి కొట్టిందట. ఎక్కువ దెబ్బ కళ్ళకే. హైదరాబాదు తీసుకుపోయారు.

2017లో నా దగ్గర ఇంటర్ రెండో సంవత్సరం. గోడవైపు, రెండో బెంచీ. ఎంసెట్ కెమిస్ట్రీలో నలభైకి ముప్పై ఎనిమిది. ఫిజిక్సు ముంచింది. ఆ సబ్జెక్టు చెప్పింది మా ప్రిన్సిపాల్ ఇంద్రసేన, ఆ పాపం ఆయనది. ఇంజనీరింగు సీటు రాక ఇక్కడే డిగ్రీ చేసి, సంగారెడ్డిలో ఎమ్మెస్సీ చదివింది. ఆ ఏడాది కాలేజీ ఫ్లెక్సీలో నా ఫోటో పక్కన ఆమె ఫోటో వేశారు. బురఖా తీసి ఫోటో ఇవ్వడానికి వాళ్ళమ్మ ఒప్పుకోకపోతే నేనే ఇంటికి వెళ్ళి నచ్చజెప్పాను.

మంచి పిల్ల. ఇంతకన్నా ఏం రాయాలో తోచడం లేదు.

నవంబర్ 4, మంగళవారం

పేపర్లో నాలుగు లైన్లు వేశారు. ఉద్యోగి తప్పిదమట. కంపెనీలు ఎప్పుడూ అంతే. నట్టు ఊడినా, బోల్టు ఊడినా తప్పు మాత్రం మనిషిదే.

నవంబర్ 6, గురువారం

ఈ రోజు మూడు సెక్షన్లకూ రసాయన గతిశాస్త్రం అయిపోయింది. రేటు సమీకరణాలు, అర్ధాయువు, ఉత్తేజన శక్తి. నాకిష్టమైన పాఠం. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నా ఇప్పటికీ విసుగు పుట్టలేదు.

చివర్లో మామూలుగా అరిపించాను. డస్టరుతో బల్ల మీద కొట్టి "పది డిగ్రీలకు?" అంటాను. అరవై మంది "రెండింతలు!" అంటారు. "ఇరవై?" "నాలుగింతలు!" "ముప్పై?" "ఎనిమిదింతలు!" వేడి పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం రెండింతలవుతుంది, అంతే. సి సెక్షన్ అరుపుకు పక్క గదిలో బోటనీ మేడమ్ వచ్చి తలుపు కొట్టింది. కొట్టనీ. నూట అరవై ప్రశ్నలు, నూట ఎనభై నిమిషాలు. లాగరిథాలు వేసుకుంటూ కూర్చుంటే ర్యాంకు ఎవడికొస్తుంది?

పూర్తి పద్ధతి కూడా బోర్డు మీద వేశాను. అది ఎప్పుడూ వేస్తాను.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున ఇర్షాద్ వచ్చాడు, అలీమా తండ్రి. బస్టాండు వెనక రేడియేటర్లు అతికే దుకాణం ఆయనది. ఎంత కూర్చోమన్నా కుర్చీ అంచునే కూర్చున్నాడు. నా భార్య మంగళ చాయ్ తెచ్చి ఇచ్చి, పిల్ల ఎట్లా ఉందని అడిగింది.

"నిన్న ఇంటికి తెచ్చినం అమ్మా. రెండు కళ్ళకు పట్టీలున్నయి. ఇరవై మూడు నాడు ఇప్పుతరట. ఎడమ కన్ను జర ఉమీద్ ఉన్నది, రావచ్చన్నరు. కుడిది..." చెయ్యి ఊపాడు.

తరువాత నా వైపు తిరిగాడు. "సార్, మీతోని ఒక పని ఉండె. ఇరవై రెండు నాడు, శనివారం, కంపెనీ వాళ్ళు ఇంటికొస్తరు. తప్పంత నాదే అని బిడ్డ సంతకం పెట్టాల్నట. బిడ్డ ఏమంటదంటె, లెక్క నాది తప్పైతె పెడ్త, తప్పు కాకపోతె పెట్ట అంటది. లెక్క మాత్రం మహాదేవప్ప సారే చూడాలె, సార్ ఏమంటె గదే అంటుంది."

ఫోన్లో రెండు ఫోటోలు చూపించాడు. ఆ రోజు ఆమెతో పనిచేసిన పిల్ల తీసి పంపిందట. మొదటిది అలీమా షిఫ్టు నోటుబుక్కులో పేజీ. ఆమె గుండ్రటి చేతిరాత చూడగానే గుర్తుపట్టాను.

"60 నుంచి 80 డిగ్రీలకు. తేడా 20. 2 × 2 = 4 రెట్లు. వేడి 4 రెట్లు వస్తుంది. కూలింగ్ 6 రెట్ల దాకా ఆపుతుంది. 8 గంటల పని 2 గంటలు. మాణిక్ సార్‌కు ఫోన్ చేశాను, సరే అన్నారు."

మాణిక్ అంటే సూపర్‌వైజరు. బ్యాచ్ ఆలస్యమైందని పొద్దుటినుంచి తొందర పెట్టాడట. ఇప్పుడు తనకు ఫోనే రాలేదంటున్నాడట.

రెండోది కంపెనీ ఫైలులోని ఒక కాగితం. ఆ చర్య రేటు స్థిరాంకాలు, అంటే వేగం చెప్పే అంకెలు: నలభై డిగ్రీల దగ్గర గంటకు 0.03, అరవై దగ్గర 0.48.

"నాకు లెక్కలు రావు సార్," అన్నాడు ఇర్షాద్. "రేడియేటర్‌కు చిల్లి ఎక్కడున్నదో చూడాల్నంటె నీళ్ళల్ల ముంచుత, బుడగలొస్తయి. దీన్ని దేంట్ల ముంచి చూడాల్నో మీకే ఎరుక."

ఫోటోలు నా ఫోనుకు పంపించుకున్నాను. చూసి చెబుతానన్నాను. రెండు రెళ్ళు నాలుగే. గుణకారంలో తప్పేమీ లేదు.

నవంబర్ 10, సోమవారం

కూలింగ్ పంపు సరిగ్గా నడిచిందో లేదో ఎవరికి తెలుసు? థర్మామీటరు తప్పు చూపించి ఉండవచ్చు. ఆ గ్యాస్కెట్ మార్చి ఎన్నేళ్ళయిందో. వంద కారణాలుంటాయి. ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి ఇర్షాద్‌కు ఇస్తే సరిపోతుంది.

ఒకటి మాత్రం రాసుకోవాలి. క్లాసులో ఆమె ఎప్పుడూ సందేహాలు అడిగిన పిల్ల కాదు. చెప్పింది రాసుకునేది, తల దించుకుని కూర్చునేది. అడిగి ఉంటే నేను చెప్పకపోయేవాణ్ణా?

నవంబర్ 12, బుధవారం

మూడో పీరియడ్ ఖాళీ. తలుపు దగ్గరగా వేసి లెక్క చేశాను.

నలభై నుంచి అరవైకి స్థిరాంకం పదహారింతలైంది. ఆ ఇరవై డిగ్రీలకే పదహారు. నా సూత్రం ప్రకారమైతే నాలుగే కావాలి. ఈ ఒక్క భాగహారం చేసినా చాలు, ప్రమాదం కనబడుతుంది. 0.48ని 0.03తో భాగించడమే. నోటితో చేయవచ్చు.

లాగ్ 16 అంటే 1.204. దాన్ని 2.303తో, 8.314తో గుణించి, కెల్విన్లలో 313, 333 వేసి చూస్తే ఉత్తేజన శక్తి నూట ఇరవై కిలోజౌళ్ళు వచ్చింది. అణువులు దాటాల్సిన గడప అన్నమాట. గడప ఎంత ఎత్తుగా ఉంటే వేడి పెరిగినప్పుడు వేగం అంత ఎక్కువ పెరుగుతుంది. పదికి రెండింతలు అనేది యాభై చిల్లర కిలోజౌళ్ళ గడపకు, అదీ గది వేడి దగ్గర, సుమారుగా నడిచే మాట. దీని గడప రెట్టింపుకన్నా ఎక్కువ.

అదే నూట ఇరవై పెట్టుకుని అరవై నుంచి ఎనభైకి చేశాను. 11.7 వచ్చింది. మళ్ళీ చేశాను. 11.7.

నాలుగు రెట్లు అనుకుంది. పన్నెండు రెట్లు వచ్చింది. కూలింగ్ ఆరు రెట్ల దాకానే ఆపగలదు.

పంపు తప్పు లేదు, థర్మామీటరు తప్పు లేదు. లెక్క మొత్తం చేయడానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది.

నవంబర్ 13, గురువారం

ఇర్షాద్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

నవంబర్ 14, శుక్రవారం

ఇంద్రసేనకు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కు వాలి అంతా విన్నాడు.

"నువ్వెందుకు నడుమ దూరుతవ్ మహాదేవప్పా? పుస్తకంల పూర్తి పద్ధతి ఉన్నది. నువ్వు బోర్డు మీద గూడ వేస్తవ్. ఆ పిల్ల అది ఇడిసిపెట్టి షార్ట్‌కట్ పట్టుకుంది. ఎమ్మెస్సీ చదివింది గద, ఆడ చెప్పినోళ్ళు లేరా? ఎనిమిదేండ్ల కిందటి ఇంటర్ సార్ మీదికి ఎట్లొస్తది?"

"నేనే గద అరిపించింది."

"అందరం అరిపిస్తం. రాయికోడ్ నుంచి, ఝరాసంగం నుంచి పిల్లలు ఆటోలెక్కి నీ కోసమొస్తున్నరు. నీ షార్ట్‌కట్ తోని ఒకామె కండ్లు పోయినయని తెలిస్తె తల్లిదండ్రులు ఏమనుకుంటరు? ఆ పిల్ల మీద ఇష్టముంటె ఓ రోజు పోయి పండ్లిచ్చి రా."

ఎవరైనా ఈ మాట అంటే బాగుండునని నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్నాను. అన్నాడు. ప్రాణం తేలికపడింది. బాలల దినోత్సవమని పిల్లలు పంచిన సమోసాలు రెండు తిన్నాను.

నవంబర్ 16, ఆదివారం

పండ్లు తీసుకుని వెళ్ళాను.

అలీమా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళకు తెల్లటి పట్టీలు. కుడి చెంప మీద చర్మం ఎర్రగా ఊడి మెరుస్తోంది. నా చెప్పుల చప్పుడు వినగానే కొంగు సర్దుకుని లేవబోయింది. వద్దన్నాను. వాళ్ళమ్మ ఖుద్సియా ఒక ముక్కాలి పీట వేసి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, లెక్క చూసిన్రా?"

"చూస్తున్నమ్మా. ఇంకొంచెం ఉన్నది."

పచ్చి అబద్ధం. ఆమె నమ్మింది.

"జల్దీ ఏం లేదు సార్. శనివారం లోపట చెప్పున్రి. నేను ఈడ కూసోని మనసుల పదిసార్లు చేసిన. ఎన్నిసార్లు చేసినా నాలుగే వస్తుంది. తప్పు ఏడ జరిగిందో దొరుకతలేదు. పరీక్షల ఎట్ల రాస్తనో అట్లనే చేసిన సార్."

ఆ మాట వింటూ నేను సంచిలోంచి బత్తాయిలు ఒక్కొక్కటే తీసి పీట మీద పెట్టాను. ఎన్ని పెట్టానో తెలియదు.

"సంతకం పెడితె ఏమైతదో తెలుసు గద?" అన్నాను.

"తెలుసు సార్. ఇంక ఏ కంపెనీల గూడ ప్లాంటులకు రానియ్యరు. మాణిక్ సార్ తప్పించుకుంటడు. గానీ నా తప్పైతె నాదే అనాలె గద. కానిది నా మీద ఏసుకోను."

వచ్చేటప్పుడు ఖుద్సియాతో అల్మారాలోంచి ఒక పాత నోటుబుక్కు తీయించి నాకిప్పించింది. ఇంటర్ కెమిస్ట్రీ నోట్సు. అట్టకు ఇంకా బ్రౌన్ కాగితం ఉంది. "ఇండ్ల మీరు చెప్పింది అక్షరం పోకుంట రాసుకున్న. లెక్క చూడనీకి ఆసాన్ అయితది సార్," అంది.

అక్కడే చెప్పేయాల్సింది. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

నవంబర్ 17, సోమవారం

నోటుబుక్కు తెరిచాను. గతిశాస్త్రం ఎనభై మూడో పేజీలో మొదలైంది. నేను చెప్పిన మాటలు చెప్పినట్టే ఉన్నాయి, మధ్యలో నేను దగ్గినప్పుడు ఆపి మొదలుపెట్టిన వాక్యం కూడా రెండుసార్లు రాసుకుంది.

తొంభై ఒకటో పేజీలో ఎర్ర పెన్నుతో: "పది డిగ్రీలకు రెండింతలు. ఏ చర్యకైనా ఇదే. పొడుగు పద్ధతి పరీక్షలో అడిగితే రాయడానికి మాత్రమే." కింద రెండు గీతలు.

ఇది నేను చెప్పిన మాటే. పూర్తి పద్ధతి బోర్డు మీద వేశానని పదిరోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. వేశాను, నిజమే. వేసి, దీంతో పని లేదని కూడా చెప్పాను.

ఆ పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో చిన్నగా ఒక ప్రశ్న ఉంది. "అన్ని చర్యలకా?" దాన్ని కొట్టేసింది. కాగితం చిరిగేటంత గట్టిగా కొట్టేసింది.

మొన్న పదో తేదీన ఈ డైరీలోనే అబద్ధం రాశాను. ఆమె అడిగింది. లేచి నిలబడి అడిగింది. "సార్, అన్ని చర్యలకు ఇదేనా? ఉత్తేజన శక్తి వేరే ఉంటే?" సరైన ప్రశ్న. ఇరవై ఆరేళ్ళలో ఆ పాఠంలో ఆ ప్రశ్న అడిగిన పిల్ల ఆమె ఒక్కతే. నాకు ఆ రోజు సిలబస్ వెనకబడి ఉంది, గంట కొట్టడానికి అయిదు నిమిషాలుంది, అరుపు మంచి ఊపులో ఉంది. మధ్యలో లేచిందని ఒళ్ళు మండింది. అన్నాను, బాగా గుర్తుంది, ఒక్కొక్క మాటా గుర్తుంది:

"బీబీకి వేరే రియాక్షన్ కావాల్నట. ఎంసెటోళ్ళకు ఫోన్ చేసి చెప్తం, ఈమెకొక్కదానికి వేరే పేపర్ పంపుమని."

క్లాసంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. తరువాత ఆ ఏడాదంతా మగపిల్లలు ఆమెను వేరే రియాక్షన్ అని పిలిచారు. నాకు తెలుసు, ఆపలేదు. ఆమె మళ్ళీ లేచి నిలబడలేదు. దాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నవంబర్ 18, మంగళవారం

సెలవు పెట్టాను. ఊరికే పడుకున్నాను.

నవంబర్ 19, బుధవారం

"అన్నం గిట్ల కెలుకుతున్నరేంది?" అంది మంగళ. అంతా చెప్పాను, ఆ నవ్వు తప్ప.

"ఆ పిల్లకు చెప్పిన్రా?"

"చెప్త."

"ఎప్పుడు, సంతకం పెట్టినంకనా?"

లేచి చెయ్యి కడుక్కున్నాను. మధ్యాహ్నం కూర్చుని, ప్రమాదం మీద విచారణ చేస్తున్న ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు పేరిట ఒక ఉత్తరం రాశాను. మూడుసార్లు చింపి నాలుగోసారి రాశాను. నాలుగు పేరాలు. ఒకటి, అలీమా గుణకారంలో తప్పు లేదు. రెండు, ఆమె వాడిన సూత్రం ఆ చర్యకు వర్తించదు, ఫైలులోని రెండు అంకెలతో పూర్తి లెక్క ఇదిగో. మూడు, ఏ చర్యకైనా ఇదే నడుస్తుందని ఆమెకు నేర్పింది నేను. నాలుగు, అది తప్పేమోనని ఆమె క్లాసులో అడిగితే జవాబు చెప్పకుండా నలుగురిలో నవ్వులపాలు చేసింది కూడా నేను. కింద పేరు, ఉద్యోగం, కాలేజీ.

కాలేజీ పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.

నవంబర్ 20, గురువారం

కాలేజీ అయ్యాక ఉత్తరం తీసుకుని వెళ్ళాను. ఇర్షాద్ కూడా దుకాణం మూసి వచ్చాడు, చేతులకు ఇంకా మసి ఉంది.

"తప్పు దొరికిందమ్మా," అన్నాను. "నీ లెక్కల లేదు. నేను చెప్పిన సూత్రంల ఉన్నది. నాలుగు రెట్లు కాదు, పన్నెండు."

పట్టీల కింద ఆమె ముఖం ఎటు మారిందో తెలియలేదు. పెదవులు కదిపింది, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టుంది. "ఫైల్ల అంకెలు రెండున్నయి గద సార్. పదహారింతలు," అంది మెల్లగా. "అయ్యో. పదహారు. కండ్ల ముందటనే ఉండె."

"అవును."

"నేను భాగించనే లేదు సార్. మీరు చెప్పిన్రని భాగించలే."

ఇర్షాద్‌కు లెక్క అర్థం కాలేదు కాని ఆ మాట అర్థమైంది. నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఉత్తరం రాశానని చెప్పి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేరా చదివాను. రెండోది చదివాను. మూడోదీ చదివాను. ఖుద్సియా గుమ్మంలో నిలబడి వింటోంది. ఇర్షాద్ వింటున్నాడు. నాలుగో పేరా దగ్గరికి వచ్చాను.

చదవలేదు. "ఇట్లు, మహాదేవప్ప" అని కిందికి దిగిపోయాను.

"గంతేనా సార్?" అంది అలీమా.

"గంతే," అన్నాను.

"సరే సార్," అంది.

ఆమె చూడలేదు కనుక తెలియదనుకుని ఇంటిదాకా వచ్చాను. చెప్పులు విప్పుతుంటే అర్థమైంది, నేను చదివినదాంట్లో ఏమి లేదో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

నవంబర్ 21, శుక్రవారం

మొదటి పీరియడ్ ఎగ్గొట్టి వెళ్ళాను. ఇర్షాద్ దుకాణానికి బయల్దేరుతున్నాడు. ఉండమన్నాను. అందరూ వినాలి.

"నిన్న ఒక పేరా ఇడిసిపెట్టిన," అన్నాను. నిలబడే చదివాను. బీబీ అన్న మాట ఉత్తరంలో రాయలేదు, అదీ నోటితో చెప్పాను. ఆ నవ్వు సంగతి, పిల్లలు పెట్టిన పేరు సంగతి, నేను ఆపకపోవడం, అన్నీ చెప్పాను.

ఇర్షాద్ గోడకు ఆనుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందటి ఆ సంగతి అలీమా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదట. "గా ఏడు కాలేజీకి పోనని ఏడ్సింది గిందుకా?" అని భార్యను అడిగాడు. ఖుద్సియా లోపలికి వెళ్ళిపోయింది.

"నాకు యాదికే ఉన్నది సార్," అంది అలీమా. "మీకు ఉన్నదా లేదా అని నిన్న చూసిన."

"మాఫ్ చెయ్యమ్మా."

ఆమె దానికి జవాబివ్వలేదు. ఇవ్వాలని నేనూ అనుకోలేదు. దుప్పటి అంచును వేళ్ళతో మడుస్తూ అడిగింది.

"ఈ యేడు గూడ చెప్పిన్రా సార్, గా పాఠం?"

"చెప్పిన."

"ఎప్పుడు?"

"ఆరో తారీఖు." ఆమె కళ్ళు కాలిన ఆరు రోజులకు. అది నేను పైకి అనలేదు. ఆమె లెక్క వేసుకునే ఉంటుంది.

"అరిపిచ్చిన్రా?"

"అరిపిచ్చిన."

"ఎవలన్న లేచి అడిగిన్రా, అన్నిటికీ ఇదేనా అని?"

"లేదు. ఎవ్వరు అడగలే."

"ఎందుకు అడగలే సార్?"

కాలేజీకి వెళ్ళి రెండో పీరియడ్ తీసుకున్నాను.

నవంబర్ 22, శనివారం

కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. మాణిక్, ఇంకొక పెద్దాయన. ఇర్షాద్ కబురు చేస్తే నేనూ వెళ్ళాను. పెద్దాయన టైపు చేసిన కాగితం తీసి చదివాడు. తప్పంతా అలీమాదే, ఎవరినీ అడగకుండా తన ఇష్టంతో వేడి పెంచింది అని.

"గట్ల పెట్టను," అంది అలీమా. "నేను చెప్త, రాసుకోండ్రి. లెక్క నేను చేసిన. ఫైల్ల అంకెలున్నా చూడలే, గది నా తప్పు. లెక్కకు సూత్రం నేర్పింది మహాదేవప్ప సార్. ఎనభై చేస్తున్న అని ఫోన్‌ల చెప్తె సరే అన్నది మాణిక్ సార్. ముగ్గురి పేర్లు రాస్తె సంతకం పెడ్త. ఒక్క నా పేరు మీద పెట్ట."

మాణిక్ తనకు ఫోన్ రాలేదన్నాడు.

"ఫోన్ల టైము ఉంటది సార్," అంది ఆమె. "తీద్దాం."

నేను నా ఉత్తరం ప్రతి పెద్దాయన చేతికిచ్చాను. అసలుది నిన్ననే ఇన్‌స్పెక్టరుకు రిజిస్టరు పోస్టులో పోయిందన్నాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. "మీరు లెక్చరరా?" అన్నాడు, నమ్మకం కుదరనట్టు. అవునన్నాను. సంతకం లేకుండానే లేచి వెళ్ళారు. ఇక దాని మీద ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఆమె ఉద్యోగం ఉంటుందో, నా ఉద్యోగం ఉంటుందో తెలియదు. ఉత్తరం సంగతి ఇంద్రసేనకు ఫోన్లో చెప్పాను. "నీ ఇష్టం," అని పెట్టేశాడు.

నవంబర్ 23, ఆదివారం

పట్టీలు విప్పారు. ఎడమ కంటికి వెలుతురు, మనుషుల ఆకారాలు తెలుస్తున్నాయట. కుడి కన్ను పోయింది.

నవంబర్ 24, సోమవారం

మొదట ఎ-సెక్షన్‌లో బోర్డు మీద రెండు అంకెలు వేశాను, 0.03, 0.48. భాగించమన్నాను. పదహారు అన్నారు. పది డిగ్రీలకు రెండింతలైతే ఎంత రావాలని అడిగాను. నాలుగు అన్నారు. మరి ఇదేమిటి అన్నాను.

అప్పుడు చెప్పాను. ఇదే గదిలో ఒక పిల్ల లేచి అడిగిందని, నేను ఆమెను నవ్వులపాలు చేశానని, ఆమె ఇప్పుడు ఒక కంటితో ఉందని. పేరు చెప్పలేదు, అలీమా చెప్పవద్దంది. నేను నేర్పింది తప్పు అని బోర్డు మీద రాసి, పూర్తి పద్ధతి మొదటినుంచి చివరిదాకా చేశాను. "పరీక్షల టైము సరిపోకపోతె ఆ ఒక్క ప్రశ్న ఇడిసిపెట్టున్రి," అన్నాను.

సందేహాలుంటే అడగమన్నాను. డస్టరు కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలు మిగిలి ఉంది. ముందు బెంచీలో దీక్షిత అనే పిల్ల పెదవులు కదిలాయి. అటూ ఇటూ చూసింది, తల దించుకుంది. వెనక ఎవడో దగ్గాడు. గంట కొట్టేదాకా నిలబడ్డాను. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మిగతా రెండు సెక్షన్లలోనూ అంతే.

సాయంత్రం వెళ్ళి అలీమాకు ఉన్నదున్నట్టు చెప్పాను. వెలుతురు కొడుతుందని నల్లద్దాలు పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. పిల్లలు ఎందుకు అడగలేదన్న తన శుక్రవారం నాటి ప్రశ్నకు జవాబు దొరికిందన్నాను. నాకు భయపడి అడగడం లేదన్నాను.

"నేను ఒక్కసారే అడిగిన సార్," అంది. "సందేహాలున్నయా అని మీరు శానా సార్లు అడగాల్సొస్తది."

అడుగుతానన్నాను.